ఈ మాట ఎక్కడిది?

మా గ్రంథాలయంలో కిటికీకీ మూడో బీరువాకీ నడుమ గోడ మీద ఒక నలుచదరపు చోటు మిగతా గోడ కంటే తెల్లగా ఉంటుంది. అక్కడ రెండేళ్లపాటు ఒక చార్టు వేలాడింది. 2021 జూలై 25న రామప్ప దేవాలయానికి యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. ఆ ఏడాది కరోనా సెలవులు ముగిసి పిల్లలు హాస్టల్‌కు తిరిగి వచ్చిన రోజుల్లో నేనే స్కెచ్ పెన్నులతో రాసి అతికించిన చార్టు అది. దక్కను దేవాలయాల నక్షత్ర మండలంలో రామప్ప గుడి అన్నిటికన్నా ఉజ్జ్వలమైన తార అని పదమూడో శతాబ్దపు వెనిస్ యాత్రికుడు మార్కో పోలో అన్నట్లుగా ప్రచారంలో ఉన్న వాక్యాన్ని పెద్ద అక్షరాలతో రాసి, కింద ఆయన పేరు పెట్టి, చుట్టూ తీగలు కూడా అల్లాను.

2023లో ఒక మధ్యాహ్నం లైబ్రరీ పీరియడ్‌లో తొమ్మిదో తరగతి అమ్మాయి ఆ చార్టు ముందు చాలాసేపు నిలబడి, "మేడం, మార్కో పోలో ఈ మాట ఏ పుస్తకంల అన్నడు?" అని అడిగింది. పత్రికలో చదివానని చెప్పాను. "పేపరోళ్లకు ఎవలు చెప్పిండ్రు?" అని మళ్లీ అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

దానికి జవాబు వెదకడానికి మాకు మూడు వారాలు పట్టింది, ఆ సంగతి తరువాత చెబుతాను. అసలు ఆ ప్రశ్న ఆ పిల్ల నోట రావడానికి రెండేళ్లు పట్టింది. బడిలో గ్రంథపాలకురాలు ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే నేను చెప్పుకోగలిగింది ఆ రెండేళ్ల గురించే.

వరంగల్‌కు బస్సులో గంట దూరంలో ఉన్న ఒక గురుకుల పాఠశాలలో నేను పని చేస్తున్నాను. అంతకు ముందు నగరంలోని ఒక ప్రైవేటు బడిలో ఉన్నాను. అక్కడ గ్రంథాలయం ఉండేది గానీ దాని తాళంచెవి ఆఫీసు గదిలో ఉండేది. తనిఖీ ఉన్న రోజున తప్ప బీరువాలు తెరిచేవారు కాదు, మిగిలిన రోజుల్లో నన్ను సెలవు పెట్టిన టీచర్ల తరగతులకు పంపేవారు. ఇక్కడ ఆ బాధ లేదు. ఆరు నుంచి పది వరకు ప్రతి సెక్షన్‌కు వారానికి ఒక లైబ్రరీ పీరియడ్ ఉంది, గది తాళం నా చేతిలోనే ఉంది. కొత్త పుస్తకానికి వరుస నంబరు ఇచ్చి అక్సెషన్ రిజిస్టర్‌లో ఎక్కించడం, ముఖపత్రం మీదా, అన్ని పుస్తకాలకూ ఒకటిగా మేము పెట్టుకున్న రహస్య పుట మీదా ముద్ర వేయడం, ఎవరికి ఏది ఇచ్చామో రాసుకోవడం, ఇంతటితో మా పని ముగుస్తుందని చాలామంది అనుకుంటారు. మా స్టాఫ్ రూములోనూ అనుకునేవారు ఉన్నారు. అవన్నీ చేయవలసినవే. అయితే 1974లో అమెరికాలో పాల్ జుర్కోవ్‌స్కీ 'సమాచార అక్షరాస్యత' అనే మాటను వాడిన నాటి నుంచి గ్రంథాలయ శాస్త్రం ఇంకొక పనిని మా మీద పెట్టింది. కావలసిన విషయం ఎక్కడ దొరుకుతుందో, దొరికినది నమ్మదగినదో కాదో, దానిని సొంత మాటల్లో ఎలా చెప్పాలో పిల్లలకు చేతనయ్యేలా చూడాలి. పేరు పెద్దదే గానీ, గదిలో కూర్చుని చేయబోతే అది చాలా చిన్న పనులుగా విడిపోతుంది.

ఆరో తరగతికి నేను మొదట చేతికిచ్చేది తెలుగు నిఘంటువు. 'క్షమ' అనే మాట చూడమంటే దాదాపు అందరూ పుస్తకం చివరి పుటలు తిరగేస్తారు. ఒకటో తరగతి గోడ మీది వర్ణమాలలో హ, ళ దాటాక క్ష ఉంటుంది కనుక అందులో వారి తప్పు లేదు. నిఘంటువుకు మాత్రం క్ష అంటే క కింద ష ఒత్తు. కాబట్టి అది క అక్షరపు మాటలలోనే, కౌ గుణింతం అయిపోయి, క్రమం, క్లుప్తం కూడా దాటిన తరువాత వస్తుంది. సున్న సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. 'కంచె' ముందు వస్తుంది, 'కచేరి' ఎంతో వెనుక వస్తుంది. ఈ సంగతి తెలియని పిల్లవాడు కచేరి దగ్గర మొదలుపెట్టి ముందుకే పోయి, కంచె అనే మాట పుస్తకంలో లేదని తేల్చి మూసేస్తాడు. 'లేదు' అనడానికీ 'నాకు దొరకలేదు' అనడానికీ మధ్య తేడా ఉందని నేను మొదట చూపించేది ఈ కంచె దగ్గరే. ఆ తరువాత ఏడాది పొడుగునా ఎవరు వచ్చి "లేదు మేడం" అన్నా, పక్కనున్న పిల్లలే "కంచె, కంచె" అని నవ్వుతారు.

ఏడో తరగతిలో ముఖపత్రం వెనుక పుట మొదలవుతుంది. ముద్రణ సంవత్సరం, ఎన్నో ముద్రణ, ప్రచురించినది ఎవరు అనే వివరాలన్నీ అక్కడ చిన్న అక్షరాలలో ఉంటాయి, పెద్దవాళ్లు కూడా చదవరు. రామప్ప గుడి ఉన్న పాలంపేట ఏ జిల్లాలో ఉందో రాసుకు రమ్మని మూడు జట్లకు మూడు పుస్తకాలు ఇస్తాను. ఒక జట్టు వరంగల్ అని, ఒకటి జయశంకర్ భూపాలపల్లి అని, ఇంకొకటి ములుగు అని రాసుకొస్తుంది. వెంటనే కొట్లాట మొదలవుతుంది, ములుగు వైపు నుంచి వచ్చిన పిల్లలుంటే వారి గొంతే పెద్దది. అప్పుడు వెనుక పుట తీయమంటాను. మొదటి పుస్తకం 2012లో, రెండోది 2017లో, మూడోది 2020లో అచ్చయ్యాయి. 2016 అక్టోబర్ 11న జిల్లాలు విడిపోయాయి, 2019 ఫిబ్రవరి 17న ములుగు జిల్లా ఏర్పడింది. మూడు పుస్తకాలలో ఏదీ అబద్ధం చెప్పలేదు, ఊరూ కదలలేదు. ఒక పిల్లవాడు తన ఆధార్ కార్డు మీద వరంగల్ అర్బన్ అని ఉందనీ, ఇంట్లో మాత్రం అందరూ హనుమకొండ జిల్లా అంటారనీ చెప్పాడు. ఆ పేరు 2021లో మారింది. కార్డు ఏ ఏడాది తీసినదో చూడమన్నాను. ఒక వాక్యం నిజమా కాదా అని అడిగే ముందు అది ఏ నాటిదని అడగాలని నేను వేరే పాఠం చెప్పవలసిన అవసరం రాలేదు.

అదే రామప్ప గుడి బీరువాలలో కూడా ఒకచోట ఉండదు. విషయాన్ని బట్టి పుస్తకాలకు అంకెలు ఇచ్చే డ్యూయీ దశాంశ పద్ధతి ప్రకారం మేము వాటిని సర్దుతాం. గుడి కట్టడం గురించిన పుస్తకం 726లో, కాకతీయుల చరిత్ర 954లో, చూడదగిన స్థలాల పుస్తకం 915.4లో ఉంటాయి. పిల్లలు మొదట దీనిని సర్దడం రాని మనిషి పని అనుకుంటారు. ఒక వస్తువును ఎన్ని వైపుల నుంచి అడగవచ్చో అన్ని చోట్ల దాని గురించిన సమాచారం ఉంటుందని, శిల్పం గురించి అడిగేవాడు ఒక బీరువాకూ, రాజు గురించి అడిగేవాడు ఇంకొక బీరువాకూ పోవాలని నాలుగుసార్లు తిరిగాక వారికే తెలుస్తుంది.

ఇక ఎక్కించుకోవడం గురించి. మా పిల్లలకు ప్రాజెక్టు అంటే ఒక పుస్తకం తెరిచి పుట మొత్తం ఎక్కించి, పక్కన బొమ్మ అతికించి, మెరుపుల కాగితం అంటించడం. ఇందులో సగం తప్పు ప్రశ్న ఇచ్చిన మాదే. 'రామప్ప గురించి రాయండి' అంటే వారు చేయగలిగింది ఎక్కించడమే. మా సాంఘిక శాస్త్రం సార్, నేనూ కూర్చుని ప్రశ్న మార్చాం: రామప్ప గుడి శిఖరానికి తేలికైన ఇటుకలు ఎందుకు వాడారు, ఆ ఇటుకల గురించి రాసినవారిలో స్వయంగా పరీక్షించి రాసినవారు ఎవరు, విని రాసినవారు ఎవరు? ఈ ప్రశ్నకు ఏ ఒక్క పుటలోనూ సిద్ధంగా జవాబు లేదు. చదివిన తరువాత పుస్తకం మూసి చీటీ మీద మూడు వాక్యాలు రాయాలని, కింద పుస్తకం అక్సెషన్ నంబరు, పుట సంఖ్య వేయాలని నియమం పెట్టాను. గ్రంథసూచి అంటే భయపడే పిల్లలు అక్సెషన్ నంబరును సంతోషంగా వేస్తారు, ఎందుకంటే అది పుస్తకం వీపు మీద కనిపిస్తూనే ఉంటుంది. ఎవరి చీటీ మీదనైనా నంబరు లేకపోతే "ఈ మాట ఎక్కడిది?" అని అడిగి తిరిగి ఇస్తాను. అంతకు మించి ఏమీ అనను.

గదిలో ఉన్న రెండు కంప్యూటర్లలో ఒకటి ఎప్పుడూ రిపేరులోనే ఉంటుంది. ఉన్న ఒక్కదాని ముందు ఆరుగురు కూర్చుంటారు, దానివల్ల ఒక మేలు కూడా ఉంది: ఏం టైపు చేయాలో ముందుగా మాట్లాడుకోక తప్పదు. ఒకసారి చెరువుల మీద పని చేస్తున్న జట్టు 'పాకాల' అని మాత్రమే కొట్టింది. తిరుపతి దగ్గరి పాకాల రైల్వే జంక్షన్ వచ్చింది, ఆ పిల్లలు రైళ్ల వేళలు కూడా సగం రాసుకున్నారు. ఇంకొక మాట చేర్చమన్నాను. 'పాకాల చెరువు' అని, ఆ తరువాత 'నర్సంపేట' చేర్చి, చివరకు కాకతీయ రాజు 'గణపతిదేవుడు' పేరు చేర్చారు. ఒక్కో మాట చేరినకొద్దీ ఫలితాలు ఎలా మారుతున్నాయో చీటీ మీద రాశారు. మన ఊళ్ల పేర్ల రాత ఇంకొక చిక్కు. హనుమకొండ, హన్మకొండ, శాసనాలలో అనుమకొండ: ఈ మూడింటిలో ఒకటే కొట్టినవారికి మిగతా రెండు పేర్లతో రాసినదంతా కనపడదు. దీని మీద నేను ఎక్కువ పట్టుదలగా ఉంటానని మిగతా టీచర్లు నవ్వుతారు, అయినా ఇది మన భాషలో వెదికేవారికి రోజూ ఎదురయ్యే కష్టం, ఇంగ్లిష్ పాఠ్యపుస్తకంలో దొరకని పాఠం.

ఇప్పుడు మార్కో పోలో దగ్గరకు వస్తాను. ఆయన యాత్రలకు హెన్రీ యూల్ చేసిన ఇంగ్లిష్ అనువాదం 1871 నాటిది, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. మన ప్రాంతం గురించి ఆయన చెప్పినది ముత్ఫిలి అనే రాజ్యం గురించిన చిన్న అధ్యాయంలో ఉంది. ముత్ఫిలి అంటే కాకతీయుల రేవుపట్నం మోటుపల్లి అని చరిత్రకారుల అభిప్రాయం. ఇంగ్లిష్ మేడం పక్కన కూర్చుని ఒక్కో వాక్యానికీ అర్థం చెబుతుంటే నలుగురు పిల్లలు రెండు పీరియడ్లలో ఆ అధ్యాయం పూర్తి చేశారు. భర్త చనిపోయాక మళ్లీ పెళ్లి చేసుకోకుండా నలభై ఏళ్లుగా న్యాయంగా పాలిస్తున్న రాణి ఉంది. లోయలలోకి మాంసం ముక్కలు విసిరి, వాటిని ఎత్తుకుపోయే గద్దల ద్వారా వజ్రాలు సంపాదించే కథ ఉంది, అది పిల్లలకు బాగా నచ్చింది. సాలెగూడంత సన్నని బట్టల ప్రస్తావన ఉంది. గుడి లేదు.

అప్పుడు ఒకడు, "మేడం, ఓరుగల్లు దొరికింది!" అని అరిచాడు. అందరం వంగి చూశాం. నిజంగానే వరంగల్ పేరు ఉంది, రుద్రమదేవి పేరు కూడా ఉంది, కానీ అక్షరాలు చిన్నవి. అది మార్కో పోలో చెప్పినది కాదు, అనువాదకుడు కింద రాసిన వ్యాఖ్య. చెప్పినవాడికీ వ్యాఖ్య రాసినవాడికీ మధ్య దాదాపు ఆరు వందల ఏళ్లు ఉన్నాయి. ఒకే పుట మీద ఇద్దరు మనుషులు మాట్లాడుతుంటారని, ఎవరి మాట ఏదో విడదీసుకోవాలని నేను ఎన్నిసార్లు చెప్పినా ఎక్కనిది, ఆ పిల్లవాడు సిగ్గుపడిన ఆ ఒక్క క్షణంలో నలుగురికీ ఎక్కింది.

చిక్కు అక్కడితో ఆగలేదు. మార్కో పోలో, ఆయన వ్యాఖ్యాత ఇద్దరూ ఆ రాణిని చనిపోయిన రాజు భార్యగానే రాశారు. మా సాంఘిక శాస్త్ర పుస్తకంలో రుద్రమదేవి గణపతిదేవుని కుమార్తె, ఆమె భర్త చాళుక్య వీరభద్రుడు. "గంత దూరం నుంచి వచ్చినోడు అబద్ధమెందుకు చెప్తడు మేడం?" అని ఒక పిల్ల అడిగింది. అబద్ధం కాదు, రేవులో విన్నది చెప్పి ఉంటాడు అని ఇంకొకతె అంది. ఆ అమ్మాయి అంతటితో ఆగకుండా చందుపట్ల శాసనం సంగతి తీసుకొచ్చింది. పాత పుస్తకాలు రుద్రమదేవి 1295 వరకు పాలించిందని రాశాయి. నల్లగొండ జిల్లా చందుపట్లలో శాసనం దొరికిన తరువాత ఆమె 1289 నవంబర్ నాటికే మరణించినట్లు తేలింది. మార్కో పోలో చైనా నుంచి తిరుగు ప్రయాణంలో మన సముద్రం మీదుగా వెళ్లినది 1290ల తొలి ఏళ్లలో. అంటే ఆయన పాలిస్తున్నదని రాసిన రాణి అప్పటికి బతికి లేదు. ఆ దారిన వెళ్లిన మనిషి మాట, రాయి మీది మాట ఢీకొన్నప్పుడు ఏది నమ్మాలనే చర్చ ఆ రోజు అన్నం గంట కొట్టినా ఆగలేదు. రాయిని ఎవరో డబ్బులిచ్చి చెక్కిస్తారు కదా, రాయి కూడా ఊరికే నమ్మవచ్చా అని చివర్లో ఒకడు అడిగాడు. ఆ ప్రశ్నను అలాగే ఉంచాను.

అనువాదం మొత్తంలో రామప్ప అనే పేరును నాలుగైదు రకాల రాతలతో వెదికించాను, దొరకలేదు. మొదట ప్రశ్న అడిగిన అమ్మాయి చీటీ మీద, 'మేము చూసిన అనువాదంలో ఈ మాట లేదు. ఎవరు మొదట అన్నారో ఇంకా తెలియదు' అని రాసి తేదీ వేసింది. 'లేదు' అని మాత్రమే రాసి ఊరుకోనందుకు నాకు కలిగిన సంతోషం ఇంత అంత కాదు. మరుసటి రోజు ప్రార్థన తరువాత చార్టు నేనే తీసేశాను. రెండేళ్లపాటు ఆ గోడ మీద నుంచి ఆ వాక్యాన్ని ఎంతమంది పిల్లలు ఎక్కించుకుని పోయారో లెక్క లేదు.

ఇలాంటివి గుడులకూ రాజులకూ పరిమితమైతే పెద్ద ఉపయోగం లేదు. వానాకాలంలో రేపు సెలవు అంటూ అధికారి సంతకంతో ఉత్తర్వు ఫోన్లలోకి వస్తుంది. నిరుడు అలాంటిది ఇంటి నుంచి ఎవరో పంపితే, పదో తరగతి పిల్లలు వార్డెన్ దగ్గరకు పరుగెత్తకుండా నా దగ్గరకు ప్రింటు తీసుకొచ్చారు. తేదీ పక్కన బుధవారం అని ఉంది, క్యాలెండర్‌లో ఆ తేదీ శుక్రవారం. ఏ పాత ఉత్తర్వులోనో తేదీ మాత్రం మార్చి, వారం మార్చడం మరిచిపోయారు. సెలవు పోయినందుకు దిగులుపడ్డారు గానీ పట్టుకున్నందుకు గర్వపడ్డారు. ఈ మధ్య ఏఐ వచ్చాక ఇంకొక కొత్త పని చేరింది. ఒక పిల్ల దానిని అడిగి కాకతీయుల చెరువుల మీద ఐదు పుస్తకాల పట్టిక తెచ్చింది, అందులో రెండు ఏ గ్రంథాలయ పట్టికలోనూ కనిపించలేదు. పుస్తకం పేరు నిండుగా, రచయిత పేరు గౌరవంగా ఉంటే పిల్లలే కాదు, నేనూ నమ్మబోయాను.

గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ఇచ్చిన ఐదు సూత్రాలలో నాలుగోది పాఠకుని సమయాన్ని ఆదా చేయమంటుంది. చదువుకునే రోజుల్లో పరీక్ష కోసం వల్లె వేశాను, ఇప్పటికీ ఆ మనిషి అంటే నాకు గౌరవం. అయినా బడి గ్రంథాలయంలో ఈ సూత్రాన్ని నేను తరచుగా పక్కన పెడతాను. పిల్ల అడిగిన పుస్తకాన్ని నేను ఒక్క నిమిషంలో తీసి ఇవ్వగలను, కానీ ఇవ్వను. విషయసూచిక చూశావా, చివరి పదసూచిక చూశావా, ఇంకొక పేరుతో వెదికావా అని అడుగుతూ ఆమె సమయాన్ని పదిహేను నిమిషాలు ఖర్చు చేయిస్తాను. పెద్దల గ్రంథాలయంలో ఇలా చేస్తే ఫిర్యాదు చేస్తారు. నా దగ్గర కూడా పదో తరగతి పరీక్షల ముందు కొందరు తల్లిదండ్రులు, జవాబు చెప్పేస్తే పోయేదానికి పిల్లలను ఎందుకు తిప్పుతున్నారని అడిగారు. వారికి నచ్చేలా సమాధానం చెప్పలేకపోయాను.

ఈ ప్రాంతంలో ఆధారం వెదికే అలవాటు కొత్తదేమీ కాదు. 1904లోనే హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం వెలిసింది, నిజాం పాలనలో తెలుగు పుస్తకాలను ఒకచోట చేర్చి పదిమందికి అందించడమే అప్పుడు పెద్ద పని. తెలంగాణలో కవులే లేరన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డి కోపంతో వ్యాసం రాసి ఊరుకోలేదు. ఊరూరి నుంచి వివరాలు తెప్పించి 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక వేశారు. ఎనిమిదో తరగతికి నేను ఇది కవిత్వ పాఠంగా చెప్పను, ఒక తప్పు మాటను ఎలా ఎదుర్కోవాలో చెప్పే పాఠంగా చెబుతాను.

చార్టు తీసిన తెల్లని చోటును సున్నం వేసి కలిపేద్దామని అటెండర్ అన్నాడు, నేను వద్దన్నాను. ఇప్పుడు పిల్లలు అక్కడ చీటీలు అతికిస్తున్నారు: విన్న మాట పైన, అది ఎక్కడిదో కింద. ఆధారం దొరికిన చీటీని తీసి ఫైలులో పెడతాం, దొరకనిది గోడ మీదే ఉంటుంది. మార్కో పోలో చీటీ ఇంకా అక్కడే ఉంది. దాని పక్కన ఈ నెలలో ఏడో తరగతి పిల్లవాడు ఒకటి అంటించాడు: 'మా ఊరి చెరువు కాకతీయులు తవ్వించిండ్రు. తాత చెప్పిండు.' రెండు రోజులకు ఎవరిదో వేరే చేతిరాతతో దాని కింద 'తాతకు ఎవలు చెప్పిండ్రు?' అని కనిపించింది. వాడు ఉడుక్కుని నా దగ్గరకు వచ్చి, కట్ట మీద సగం పూడిపోయిన అక్షరాల రాయి ఒకటి ఉందన్నాడు. పొద్దున్నే ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు ఫొటో తీయమని, అక్షరాలు కనబడాలని రాయి మీద సున్నం గానీ పసుపు గానీ పూయవద్దని చెప్పి పంపాను. దసరా సెలవులకు ఇంకా నాలుగు రోజులున్నాయి.